నాగమ నాయకుడి కొడుకు, మా తొమ్మిది పేర్లు

ఈసారి నేను రాస్తున్నది ఒక పుస్తకం గురించి. ఇంకా అచ్చుకు పోలేదు, బజార్లో దొరకదు. పొంగల్ సెలవుల్లో మా బంధువుల అబ్బాయి ఒకడు ఇంటికి వచ్చి, టైపు చేయించిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టినాడు. "మామా, ఇది మన వంశచరిత్ర. వచ్చే కులదైవం పండగకి అచ్చేసి అందరికీ పంచాల. ముందుమాట మీరే రాసియ్యండి" అన్నాడు. తెలుగు మాటలే, కాని లిపి తమిళం. మనలో చాలామందికి అదే అలవాటు కదా, తప్పు పట్టడం లేదు.

నేను చదివింది బీకాం. ఉద్యోగం బ్యాంకులో. చరిత్ర పండితుణ్ణి కాదు. కాని ముప్పై ఏళ్ళకు పైగా ఇతరులు రాసిన లెక్కల్ని సరిచూసిన అలవాటు ఒకటి ఉంది. ఏ అంకె చూసినా, దీని వోచర్ ఎక్కడ అని అడగబుద్ధి అవుతుంది. ఆ కాగితాల మొదటి వాక్యమే నన్ను ఆపేసింది. సారాంశం ఏమిటంటే, 1529లో విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చినప్పుడు ఆయన దండులో మా మూలపురుషుడు ఉన్నాడు, అక్కణ్ణుంచి మా తాత వరకు వంశం తెగకుండా వచ్చింది, ఇవిగో పేర్లు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మధుర, విరుదునగర్, తేని, తూత్తుక్కుడి, తిరునెల్వేలి వైపు ఉన్న తెలుగు ఇళ్ళల్లో నేను చూసిన వంశచరిత్రలు సగానికి పైగా విశ్వనాథుడితోనే మొదలవుతాయి. వేరే వేరే కులాలవాళ్ళు, ఒకరికొకరు పిల్లనివ్వనివాళ్ళు కూడా, "మేము ఆయనతో వచ్చినవాళ్ళమే" అంటారు. అందుకని ముందుమాట రాయకముందు, అసలు ఆ మనిషి వంశం గురించి రాతిలో ఏముంది, రాగిరేకులో ఏముంది, కథలో ఏముంది అని విడివిడిగా పెట్టుకుని చూశాను. అది మీతో పంచుకుంటున్నాను.

ముందు రాయీ, రాగీ. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా పుదుమండపం ఉంది, తిరుమల నాయకుడు కట్టించింది. దాని స్తంభాలకు నాయక రాజుల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి, విశ్వనాథుడి నుంచి తిరుమలుడి దాకా పదిమంది. చిన్నప్పుడు నేను అక్కడికి పోయింది రాజుల్ని చూడ్డానికి కాదు, స్తంభాల మధ్య వరసగా కూర్చున్న దర్జీల దగ్గర చొక్కా కుట్టించుకోడానికి. చేతులు జోడించి నిలబడ్డ ఆ పదిమందీ నిజానికి ఒక వంశావళి అని, రాతిలో చెక్కిన తాతముత్తాతల పట్టిక అని, అప్పుడు తెలియలేదు.

రాగిరేకులు రెండు ముఖ్యం. ఒకటి తిరునెల్వేలి దగ్గరి కృష్ణాపురం గుడికి చేసిన దానం, 1567 నాటిది. విశ్వనాథుడి కొడుకు కృష్ణప్ప నాయకుడు అడిగితే సదాశివరాయలు ఇచ్చింది. రెండోది కూనియూరు శాసనం, 1634, తిరుమల నాయకుడి కాలం. రెండూ సంస్కృతమే. రెండింటిలోనూ వంశానికి మొదట నాగమ నాయకుడు, ఆయన కొడుకు విశ్వనాథుడు, ఆయన కొడుకు కృష్ణప్ప. కృష్ణాపురం శాసనం విశ్వనాథుడు పోయాక మూడు నాలుగేళ్ళలోనే, సొంత కొడుకు వేయించినది. కాబట్టి ఈ మూడు పేర్ల వరస మీద నాకు అనుమానం లేదు. వోచర్ ఉంది, సంతకం ఉంది.

ఇక కథ. ఇది మీలో చాలామందికి తెలిసిందే. తెలుగులో 'తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర' అనే వచన గ్రంథం ఉంది, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించి అచ్చు వేయించారు. తమిళంలోనూ ఇలాంటి చరిత్రలు ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే కథ ఇలా నడుస్తుంది.

నాగమ నాయకుడు కృష్ణదేవరాయల దగ్గర బొక్కసం చూసే పెద్ద అధికారి. పిల్లలు లేక కాశీకి పోయి విశ్వనాథుణ్ణి కొలిస్తే కొడుకు పుట్టినాడు, అందుకే ఆ పేరు. కొడుకు పెద్దవాడై రాయల కొలువులో చేరాడు. నవరాత్రుల్లో బలికి ఒక అడవి ఎనుబోతును తెచ్చారు. కొమ్ములు మెడను కప్పేసి ఉన్నాయి, ఒక్క వేటుకు తల తెగాలి, ఎట్లా అని అందరూ తికమక పడుతుంటే అమ్మవారి అనుగ్రహంతో విశ్వనాథుడు ఒకే వేటుకు నరికినాడు. ఇంతలో దక్షిణాన చోళుడు పాండ్యుడి మీద పడ్డాడు. పాండ్యుడు విజయనగరానికి వచ్చి మొర పెట్టుకున్నాడు. రాయలు నాగమను పంపాడు. నాగమ చోళుణ్ణి తరిమేసి, మధురను పాండ్యుడికి ఇవ్వకుండా తానే పట్టుకుని కూర్చున్నాడు. నిండు కొలువులో రాయలు, ఆ ద్రోహి తల తెచ్చేవాడు ఎవడని అడిగితే, లేచి నిలబడింది నాగమ సొంత కొడుకు. పోయి, తండ్రితో యుద్ధం చేసి, పట్టి తెచ్చి రాయల ముందు నిలబెట్టాడు. రాయలు కొడుకు ముఖం చూసి తండ్రిని క్షమించి, మధుర రాజ్యం కొడుకుకే ఇచ్చాడు.

మంచి కథ. మా అవ్వ చెప్పేటప్పుడు ఎనుబోతు దగ్గర నేను లేచి కూర్చునేవాణ్ణి. కాని పెద్దయ్యాక చదివితే ఇందులో ఒక విచిత్రం కనబడింది. మొదట్లో మధుర నాగమ చేతిలో ఉంది. చివర్లో నాగమ కొడుకు చేతిలో ఉంది. భూమి ఆ ఇంటినుంచి బయటికి పోనేలేదు! మధ్యలో జరిగినదల్లా ఒక్కటే, అక్రమంగా పట్టుకున్నది సక్రమం అయింది. తండ్రి పేరున ఉన్న మొండిబాకీని కొడుకు పేరున కొత్త ఖాతా తెరిచి సర్దేసినట్టు ఉంది వ్యవహారం. కథ చెప్పేవాళ్ళకు కావలసింది కూడా అదే అనిపిస్తుంది. కొలువులో పనిచేసే నాయకుడు రాజు ఎట్లా అయ్యాడు, యజమాని భూమిని నౌకరు ఎట్లా పొందాడు అని ఎవరైనా అడిగితే ఒక జవాబు కావాల. ద్రోహం ఎవరో ఒకరు చెయ్యక తప్పదు, దాన్ని తండ్రి మీద వేశారు. విశ్వాసం ఎవరో ఒకరు చూపాల, అది కొడుకు చూపాడు. ఒకే ఇంట్లో పాపమూ పుణ్యమూ రెండూ సరిపోయాయి. పాండ్యుడు మాత్రం కథ మొదట్లో ఎట్లా ఉన్నాడో చివర్లోనూ అట్లాగే, రాజ్యం లేకుండా మిగిలాడు. ఆయన గురించి ఎవరికీ బెంగ లేదు.

రాగిరేకుల్లో ఈ తిరుగుబాటు లేదు. నాగమ అక్కడ గౌరవంగా వంశానికి పెద్ద. తమ దానపత్రంలో ముత్తాతను ద్రోహి అని ఎవరూ రాయించుకోరు, నిజమే. కాని తేదీల దగ్గర కూడా చిక్కు ఉంది. కృష్ణరాయలు పోయింది 1529లో. మధుర నాయకుల పట్టికలో విశ్వనాథుడి పాలన మొదలయ్యేది కూడా 1529లోనే, 1564 వరకు. మరి దక్షిణంలో తిరుగుబాటు, పాండ్యుడి కష్టం, రాయల సేన దిగిరావడం అన్నీ శాసనాల్లో దొరికేది ఆ తరువాతి రాజు అచ్యుతరాయల కాలంలో, 1532 ప్రాంతంలో. అక్కడ తిరుగుబాటు చేసింది నాగమ కాదు, సాళువ నాయకుడైన చెల్లప్ప. ఆయనకు తోడు తిరువడి రాజు, అంటే తిరువాన్కూరు వైపు రాజు. అచ్యుతరాయల సేన తామ్రపర్ణి దాకా పోయింది. అవే పాత్రలు, అవే పనులు, పేర్లు మాత్రం వేరు. నాకు తోచింది ఏమిటంటే, కథ చెప్పినవాళ్ళు ఈ సంగతుల జ్ఞాపకాన్ని తీసుకుని, అచ్యుతరాయల్ని పక్కన పెట్టి, అందరికీ తెలిసిన కృష్ణరాయల్ని తెచ్చి కూర్చోబెట్టారు. పెద్దపేరు పక్కన నిలబడితే మన పేరూ పెద్దదవుతుంది.

ఇదే పని చేసిన ఇంకో పుస్తకం 'రాయవాచకము'. ఇది మన దక్షిణాది తెలుగు వాళ్ళు గర్వపడాల్సిన వచనం, బతికున్న మాటల వాసన ఉన్న వచనం. విశ్వనాథ నాయని స్థానాపతి, అంటే విజయనగర కొలువులో ఉండే ప్రతినిధి, తన యజమానికి కృష్ణరాయల సంగతులు రాసి పంపుతున్నట్టు ఉంటుంది. చదివితే కళ్ళారా చూసి రాసినట్టే ఉంటుంది. కాని ఫిలిప్ వాగనర్ అనే పరిశోధకుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1993లో పుస్తకం వేస్తూ, ఇది కృష్ణరాయల కాలంలో రాసింది కాదు, విజయనగరం పాడుపడిన తరువాత, 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టింది అని వాదించాడు. నాకు ఆ వాదన నచ్చింది. అంటే ఏమైంది? విశ్వనాథుడి మనవలూ మునిమనవలూ రాజ్యం చేస్తున్న రోజుల్లో, అసలు రాజధాని లేకుండా పోయాక, మేమెవరం అన్న ప్రశ్న వచ్చింది. మా పెద్దాయన కృష్ణరాయల కొలువులోనివాడు అని చెప్పుకోవాల్సి వచ్చింది. మా అబ్బాయి కాగితాల కట్ట చేస్తున్న పని కూడా అదే. ఆ ఇంటికి కృష్ణరాయలు ఎట్లాగో, మా ఇంటికి విశ్వనాథుడు అట్లాగ. ఇది తెలిశాక ఆ అబ్బాయి మీద కోపం పోయింది. రాజుల ఇళ్ళే చేసిన పని, మామూలు ఇల్లు చేస్తే ఏం?

అయినా లెక్క చూడాల్సిందే. కాగితాల్లో ఇంకో మాట ఉంది. విశ్వనాథుడు మధుర కోటకు 72 బురుజులు కట్టించి, ఒక్కో బురుజు ఒక్కో పాళెగాడికి అప్పగించాడు, ఆ 72 పాళెగాళ్ళలో ఒకరి కింద మా వాళ్ళు ఉన్నారు అని. 72 పాళెగాళ్ళ మాట మన వైపు చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. పాళెగాళ్ళు నిజం, పాళెయాలు నిజం. కాని అంకె ఇంత చక్కగా అతికితే నాకు అనుమానం. ఓరుగల్లు గురించి మన తెలుగువాళ్ళు చెప్పుకునే కథ గుర్తు చేసుకోండి. ప్రతాపరుద్రుడికి 77 మంది నాయకులు, కోటకు 77 బురుజులు, బురుజుకు ఒక నాయకుడు. ఓరుగల్లు పోయాక కాపయ నాయకుడి వెనక ఎంతమంది? 1423 నాటి కలువచేరు శాసనం 75 మంది నాయకులు అంటుంది. 77, 75, 72. బురుజుకొక నాయకుడు అనే ఊహ మన తెలుగువాళ్ళ మూటలో ఉన్న పాత సామాను. ఎక్కడికి పోయి కోట కట్టినా ఆ మూట విప్పి పరిచాం. కథ రుజువు చేసేది ఏమిటంటే మనవాళ్ళు ఓరుగల్లు జ్ఞాపకాన్ని మధుర దాకా మోసుకొచ్చారని. అది తక్కువ సంగతి కాదు. కాని ఫలానా బురుజు మాది అని చెప్పుకోడానికి అది వోచర్ కాదు.

ఇప్పుడు మా పేర్ల పట్టిక. మూలపురుషుడి నుంచి మా తాత వరకు తొమ్మిది పేర్లు. మా తాత పుట్టింది 1898. మూలపురుషుడు 1529లో పాతికేళ్ళ దండువాడు అనుకుందాం, అప్పుడు ఆయన పుట్టింది 1504 ప్రాంతం. మధ్యలో 394 ఏళ్ళు. తొమ్మిది పేర్ల మధ్య ఎనిమిది ఎడాలు. భాగిస్తే ఒక్కో తరానికి 49 ఏళ్ళ పైమాట. అంటే మా ఇంట్లో ప్రతి మగవాడూ యాభై దగ్గర పడ్డాకే వారసుణ్ణి కన్నాడు, అదీ వరసగా ఎనిమిది సార్లు! మధుర రాజుల ఇంటిని చూడండి. విశ్వనాథుడి నుంచి 1732లో పోయిన విజయరంగ చొక్కనాథుడి వరకు రెండు వందల ఏళ్ళకు పది తరాలు ఉన్నాయి. మామూలు ఇంట్లో తరానికి 28 ఏళ్ళు వేసుకున్నా మా పట్టికలో 15 పేర్లు ఉండాల. ఆరు పేర్లు తరుగు.

ఇదే లెక్కను కిందినుంచి పైకి వేశాను. 1898 నుంచి ఎనిమిది తరాలు, తరానికి 28 చొప్పున 224 ఏళ్ళు వెనక్కి పోతే 1674 వస్తుంది. ఇది అంచనాయే, పాతికేళ్ళు అటూ ఇటూ కావచ్చు. ఆ రోజుల్లో మధురలో ఉన్నది విశ్వనాథుడు కాదు, చొక్కనాథుడు. పైన రాయలసీమలో ఏమైంది? 1650ల మొదట్లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. పెమ్మసాని వాళ్ళ ఏలుబడి పోయింది. ఆ పెమ్మసాని వాళ్ళ శాఖే మన వైపు కురివికులం పాళెంలో స్థిరపడింది. పెద్దలు కదిలితే వాళ్ళ వెనక సేద్యగాళ్ళూ, పనివాళ్ళూ కదలకుండా ఉండరు. కరువులు, యుద్ధాలు కలిసి వచ్చిన శతాబ్దం అది. మా తొమ్మిది పేర్లు నిజమైనవే అయితే, అవి చెప్పేది ఆ శతాబ్దం గురించి. దండుతో వచ్చిన గెలుపు గురించి కాదు.

మా అవ్వ చెప్పింది కూడా అదే. ఆమె బడికి పోలేదు. ఎనుబోతు కథ చెప్పేది, విశ్వనాథుణ్ణి పొగిడేది, కాని ఆ కథలో మేము ఉన్నామని ఒక్కసారి కూడా చెప్పలేదు. మేము ఎట్లా వచ్చామవ్వా అని అడిగితే మాత్రం వేరే కథ ఎత్తేది. "రాజు వెంట కాదు రా, ఎద్దుల వెంట వస్తిమి. కాలు కాలి, కడుపు కాలి వస్తిమి. ఈ నల్లరేగడి కనపడినాక నిలబడితిమి" అనేది. దారిలో ఒక ఏరు, వెనక తరిమేవాళ్ళు, అడ్డంగా వంగి దాటించిన చెట్టు ఒకటి ఉండేవి ఆ కథలో. తరువాత ఇడైసేవల్ వాసి, ఇంట్లో తెలుగు మాట్లాడిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' (1976) చదివితే, అక్కడా అదే చెట్టు వంగింది! ఆయన మా అవ్వను చూడలేదు, మా అవ్వ ఆయన పుస్తకం చదవలేదు. కరిసల్ సీమ తెలుగు ఇళ్ళల్లో ఆ కథ అంతగా పాతుకుని ఉంది. చెట్టు నిజంగా వంగిందా అని నేను అడగను. కాని పారిపోయి వచ్చినవాళ్ళు మాత్రమే చెప్పుకునే కథ అది. గెలిచి వచ్చినవాళ్ళకు చెట్టు వంగాల్సిన పని లేదు.

ఇంకో సాక్ష్యం అవ్వ క్రియాపదం. ఆమె "వచ్చాం" అనలేదు, "వస్తిమి" అంది. "నిలబడ్డాం" కాదు, "నిలబడితిమి". పాత తెలుగు "వచ్చితిమి" రాయలసీమలో "వస్తిమి"గా నిలిచింది, కోస్తాలో "వచ్చాం" అంటారు. మా ఇంట్లోనూ అదే. గేదెను ఎనుము అంటాం, తండ్రిని నైన అంటాం. మా ఇంటిపేరేమో కోస్తాలోని ఒక ఊరి పేరు. అంటే ఇంటిపేరు ఒక చోటు చూపిస్తుంది, నోటిమాట ఇంకో చోటు చూపిస్తుంది. మధ్యలో ఎక్కడో సీమలో కొన్ని తరాలు ఆగి, అక్కడి మాట పట్టుకుని, ఆ తరువాత దిగివచ్చి ఉంటారని నా ఊహ. క్రియాపదం తేదీ చెప్పదు, ఒప్పుకుంటాను. కాని దారి చెబుతుంది. ఈ వంశచరిత్రలో అరవై పేజీలున్నాయి, అవ్వ మాట ఒక్కటి లేదు. అవ్వ పేరు కూడా లేదు. పట్టికలో ఉన్నవన్నీ మగవాళ్ళ పేర్లే. మంగమ్మ రాణి పదిహేడేళ్ళు ఏలిన సీమలో, చివరి ఏలిక మీనాక్షి రాణి అయిన సీమలో, మన వంశాలు ఆడవాళ్ళు లేకుండా ఎట్లా నడిచాయో!

లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. విశ్వనాథుడి రాజ్యాన్ని నిలబెట్టిన దళవాయి అరియనాథ ముదలియారు తమిళుడు. మీనాక్షి గుడి వెయ్యికాళ్ళ మండపం ముందు గుర్రం మీద ఉన్నది ఆయన బొమ్మే. ఆ పేరు మా పుస్తకంలో రాలేదు, వస్తే "మన తెలుగు రాజ్యం" అన్న మాటకు అడ్డమవుతుంది. ఇంకొకరు మా ఊరి అరుంధతీయులు. మా బావి కపిలకు తోలు కుట్టింది వాళ్ళు, దండుకు చెప్పులు కుట్టింది కూడా వాళ్ళ పెద్దలే అయి ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తెలుగే, ఇవాళ్టికీ. వాళ్ళూ "వస్తిమి" అనే అంటారు. అదే దారిన, అదే ఎండలో వచ్చినవాళ్ళు. వాళ్ళకు రాగిరేకు లేదు, పట్టిక లేదు, మా పుస్తకంలో ఒక వాక్యం లేదు. భాషను బట్టి చూస్తే మా పాళెగాడి కంటే వాళ్ళే మాకు దగ్గరి చుట్టాలు. ఈ మాట మా బంధువుల్లో కొందరికి రుచించదు, తెలుసు. కాని నోటిమాట కులం అడిగి పుట్టదు.

అబ్బాయిని పిలిచి ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తరువాత ఒక మాట అన్నాడు. "మామా, మీకు తెలీదు. ఆఫీసులో ఎవరైనా 'నీవు వందేరి, వడుగుడివి, ఎప్పుడు వస్తివి ఈ ఊరికి' అంటే ఏమి చెప్పేది? ఐదు వందల ఏళ్ళకు ముందే రాజుతో వచ్చినాము అంటే నోరు మూసుకుంటారు. కాలు కాలి వస్తిమి అంటే నవ్వుతారు."

నాకు అప్పుడు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న నన్ను కూడా అడిగారు, కౌంటర్‌కి అవతల నిలబడి అడిగినవాళ్ళు ఉన్నారు. కాని రెండు రోజులు ఆలోచించాక తోచింది ఇది. రాజుతో వచ్చాం అంటే నోరు మూసుకోరు. ఏలడానికి వచ్చినవాళ్ళే కదా మీరు అంటారు. అది మన మీద ఇంకో నింద అవుతుంది. ఎద్దుల వెంట వచ్చి, ఎవరూ దున్నని నల్లరేగడిని దున్ని, పత్తి వేసి, బావి తవ్వి, ఈ నేలలోనే కాలిపోయిన తొమ్మిది తరాలు అని చెబితే, దానికి ఎదురుమాట చెప్పేవాడు ఎవడు? భూమి మీద హక్కు కత్తితో వచ్చిందనేదానికంటే చెమటతో వచ్చిందనేది గట్టి పత్రం. పైగా అది మా లెక్కకు సరిపోతుంది.

విశ్వనాథుణ్ణి తీసిపారేయమని నేను అనలేదు. ఆయన రాజ్యం లేకపోతే ఈ దక్షిణాన తెలుగు ఇంత లోతుగా దిగేది కాదు. ఆ కొలువుల్లోనే మనవాళ్ళు వచనం రాయడం నేర్చుకున్నారు. రాయవాచకం నుంచి సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడి జైమినిభారతం దాకా అందరూ మధుర మనుషులే. ఆ నీడలో మా వాళ్ళు తరువాత వచ్చి చేరారు. నీడలో నిలబడడం వేరు, చెట్టు మాది అనడం వేరు. మా పేర్ల ముందు ఆయన పేరు రాసిన పంక్తిని సస్పెన్స్ ఖాతాలో ఉంచమన్నాను. రుజువు దొరికిన రోజు అసలు ఖాతాకు మార్చుకోవచ్చు.

ముందుమాట రాసిచ్చాను. చిన్నదే, ఒకటిన్నర పేజీ. అందులో 1529 లేదు. అవ్వ చెప్పిన వాక్యాలు ఆమె నోటి నుంచి వచ్చినట్టే పెట్టాను, ఆమె పేరుతో. అబ్బాయి మొదటి పేజీ మారుస్తాడో లేదో ఇంకా చెప్పలేదు. కాని నిన్న ఫోను చేసి, "మామా, అవ్వ చెప్పిన ఆ ఏరు పేరు ఏమి?" అని అడిగినాడు. అది అవ్వ నాకు చెప్పలేదు. మా పెద్దత్తకు చెప్పిందేమో, ఆమెకు ఇప్పుడు ఎనభై తొమ్మిది. ఈ ఆదివారం ఇద్దరం పోతున్నాం.

మీ ఇళ్ళల్లో కూడా విశ్వనాథుడితో మొదలయ్యే పట్టికలు ఉంటే ఒకసారి పేర్లు లెక్కపెట్టి, తరానికి 28 వేసి చూడండి. ఎక్కడికి వచ్చి ఆగుతుందో ఇక్కడ రాయండి. అంతకంటే ముందు, మీ ఇంట్లో "వస్తిమి" అనే నోరు ఇంకా ఉంటే, పోయి పక్కన కూర్చోండి.